ఆరని జాకెట్లు

తెల్లవారుజామున కురిసిన వాన మా క్యాంపుని తడిపి ముద్ద చేసింది. మే నెలలో ఈ వానేంటని విసుక్కుంటూనే గుడారాల మధ్య దండేలు కట్టాను. మా చర్చి సండే స్కూలు పిల్లలతో గోదావరి లంక మీద మూడు రోజుల క్యాంపు. వంటకీ, బట్టలకీ నేను, మిగతా అన్నిటికీ విజయ్ పాల్ మాస్టారు. దుప్పటి ఆరెయ్యడం కూడా చేతకాని పెద్దమనిషి. ఆయన ఉండలుగా పడేసినవన్నీ నేనే తీసి, దులిపి, మళ్ళీ వేశాను.

పన్నెండింటికల్లా దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆఖరికి పిల్లల బూట్లు కూడా ఆరాయి. రాత్రి బయట వదిలేసిన ఎనిమిది లైఫ్ జాకెట్లు మాత్రం ఇంకా కారుతూనే ఉన్నాయి. గుడారంలో ఉన్న పన్నెండూ తడవలేదు. వాటిని వేసుకుని పన్నెండు మంది పిల్లలు పొద్దున్నే సత్తియ్య పడవలో అవతలి రేవుకి వెళ్ళారు. మా అమ్మాయి రూబీ కూడా వెళ్ళింది. దానికి పదేళ్ళు, ఈత రాదు.

"ఇవెప్పటికి ఆరతాయండీ రెబెక్కా గారూ?" అన్నారు మాస్టారు.

"పిండితే ఎందుకారవండీ?" అని ఒకదాన్ని తీసి పిండాను. అర బకెట్టు నీళ్ళు వచ్చాయి. మళ్ళీ పిండితే మళ్ళీ వచ్చాయి. నా చేతులు ఆగిపోయాయి.

పోయిన నెలలో ఈ జాకెట్లు పాలకొల్లులో నా కుట్టు షాపుకి వచ్చాయి. పైగుడ్డ చిరిగింది, కొత్తది కుట్టమన్నారు. అంతవరకు చేసి ఊరుకుంటే నేను రెబెక్కానెందుకవుతాను? లోపల అట్టల్లాంటి గట్టి పలకలున్నాయి. పిల్లల చంకలు ఒరుసుకుపోతాయని వాటిని పీకి పారేసి, పరుపుల్లో వేసే స్పాంజి నింపాను. ఇరవై జాకెట్లకీ అంతే. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. నిన్న వీటితోనే ఏరు దాటాం. ఎవరూ నీళ్ళలో పడలేదు కాబట్టి తెలియలేదు.

ఒక జాకెట్టు పట్టుకుని పరుగెత్తి ఏట్లోకి విసిరాను. కాసేపు తేలింది. తర్వాత నా కళ్ళ ముందే మునిగిపోయింది.

వెనకే వచ్చిన మాస్టారు చూశారు. "ఏంటండి అది?"

"స్పాంజండీ. నేనే పెట్టాను. అన్నిట్లోనూ అదే."

ఆయన ముఖం పాలిపోయింది. పడవ నడిగోదారిలో ఉంది, ఇటే వస్తోంది. నేను గొంతెత్తబోయాను.

"అరవకండి. మీరరిస్తే పిల్లలంతా ఇటుపక్కకి లేస్తారు. పడవ ఒరిగిపోద్ది," అన్నారాయన.

నోరు మూసుకున్నాను. బుద్ధెరిగాక ఒకరు చెప్తే నేను నోరు మూసుకోవడం అదే మొదటిసారి. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట గుర్తు రాలేదు. నా తెలివి మీద నాకే అసహ్యం వేసింది. పిల్లలు చేతులూపుతున్నారు. నేనూ ఊపాను, నవ్వాను కూడా. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

పడవ ఇసకకి తగిలింది. పన్నెండు మందినీ వేలు పెట్టి లెక్కపెట్టాను. రూబీని దగ్గరికి లాక్కుని జాకెట్టు తాళ్ళు విప్పబోతే ముడి దొరకలేదు.

అది ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"సత్తియ్య తాత నన్ను దూకనివ్వలేదమ్మా," అంది. "మధ్యలో ఒక్కసారి దూకి తేలి చూపిస్తానన్నాను. ఈ జాకెట్టు మా అమ్మే కుట్టింది, ఏం కాదని ఎంత చెప్పినా వినలేదు."