కాలవగట్టు మసీదు ఓటర్ల జాబితా

నిడదవోలు కాలవగట్టు వీధిలో ఎవరికి ఓటుందో, ఎవరికి లేదో తెలుసుకోవాలంటే ఖైరున్నీసాని అడగాలి. అంగన్‌వాడీ టీచరుగా ఇరవై రెండేళ్ళు, దాంతోపాటు ఓటర్ల జాబితా చూసే బూత్ లెవెల్ ఆఫీసరుగా పదమూడేళ్ళు చేసిన మనిషి. ఏ ఇంటికి కొత్త కోడలొచ్చింది, ఎవరి పిల్లకి పద్దెనిమిది నిండాయి, ఏ పెద్దాయన కాలం చేశాడు, అన్నీ కాగితం చూడకుండా చెబుతుంది.

సాయంత్రాలు ఆమె మసీదు ఆవరణలోని రేకుల గదిలో పదో తరగతి ఆడపిల్లలకి లెక్కలు, సైన్సు చెబుతుంది. ఆగస్టులో ఒక సోమవారం వెళ్ళేసరికి గదికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే పెద్ద గుండిగలు ఒకదానిమీద ఒకటి బోర్లించి ఉన్నాయి. తొమ్మిదిమంది పిల్లలు పుస్తకాల సంచులతో వాన తుంపరలో నిలబడ్డారు. వాళ్ళని తన ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి, పాఠం అయ్యాక నేరుగా ఖుద్దూస్ గారింటికి వెళ్ళింది.

అబ్దుల్ ఖుద్దూస్ రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు. తొమ్మిదేళ్ళుగా మసీదు కమిటీ ప్రెసిడెంటు. చెడ్డవాడని శత్రువు కూడా అనడు.

"గది కమిటీ తీర్మానం అమ్మా. పెళ్ళి సామాను పెట్టుకోడానికి చోటు చాలట్లేదు," అన్నాడు కుర్చీ చూపిస్తూ.

"మమ్మల్ని ఒక్క మాట అడగలేదేంటండీ?"

"జనరల్ బాడీలో పెట్టాం కదా. ఎవరూ కాదనలేదు."

"అందులో ఆడవాళ్ళం ఎవరం ఉన్నామండీ, కాదనడానికి?"

"ఆడవాళ్ళకి కమిటీలో ఓటు లేదమ్మా."

"ఎందుకు లేదండీ?"

"షరియత్‌లో లేదు," అన్నాడాయన, ఏ రైలు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా.

ఖైరున్నీసా ఇంటికొచ్చింది. భర్త జిలానీకి స్టేషన్ రోడ్డులో సైకిలు షాపుంది. ఆయన అన్నం తింటూ, "గది పోతే పోయింది, మన అరుగుంది కదా," అన్నాడు.

"గది సంగతి కాదండీ. ఊహ తెలిసినప్పటినుంచీ ఒక్క నమాజు వదల్లేదు నేను. నిజంగా షరియత్‌లో లేకపోతే తలొంచుతాను. కానీ ఉందో లేదో నాకు తెలియాలి."

మర్నాడు ఇద్దరూ కలిసి ఇమామ్ గారి దగ్గరికి వెళ్ళారు. మౌలానా ఇంతియాజ్‌కి ముప్పై ఒకటో ఏడు. మదరసా చదువయ్యాక రాజమండ్రిలో ఎం.ఏ. కూడా చేశాడు. ఆయన భార్య టీ తెచ్చి పక్కనే కూర్చుంది. ఖైరున్నీసా అడిగిందంతా విని ఇమామ్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఆపా," అన్నాడు పెద్దక్కని పిలిచినట్టు, "ఒక వారం టైమివ్వండి. తెలియకుండా ఉందన్నా తప్పే, లేదన్నా తప్పే. రేపు అల్లాకి జవాబు చెప్పుకోవాల్సింది నేను."

ఆ వారమంతా ఆయన గది కిటికీలోంచి ఫోనులో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. చదువు చెప్పిన ఉస్తాదుకి ఒకసారి, కూడా చదువుకున్నవాళ్ళకి నాలుగుసార్లు ఫోను చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి ముందు తెలుగులో చేసే ప్రసంగానికి లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉండి మైకులో వింటారు. ఖైరున్నీసా అరుగుమీద ఆమెతోపాటు లాల్‌బీ కూర్చుంది. లాల్‌బీకి ఎనభై దాటాయి. వీధికంతటికీ ఖాలా, పిన్నమ్మ.

"మన దీన్‌లో, మన మతంలో, పదిమంది పని పదిమందినీ సంప్రదించి చెయ్యాలి. దానికే షూరా అని పేరు," అని మొదలుపెట్టాడు ఇమామ్. "ప్రవక్తగారికి కట్టుబడి ఉంటామని మదీనాలో మగవాళ్ళు ప్రమాణం చేశారు. ఆడవాళ్ళూ చేశారు. ఎవరి మాట వాళ్ళదే, భర్త మాటలో కలిపెయ్యలేదు. హుదైబియా దగ్గర మక్కావాళ్ళతో సంధి నచ్చక సహచరులు మనసు కష్టపెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. అప్పుడు దారి చెప్పిందెవరు? ప్రవక్తగారి భార్య ఉమ్మె సలమా. ఆవిడ చెప్పినట్టే ఆయన చేశారు. సహచరులు లేచారు."

లాల్‌బీ కొంగు సర్దుకుని ముందుకి వంగింది.

"ఇంకోటి వినండి. మూడో ఖలీఫాని ఎంచుకోవాల్సి వచ్చింది. ఆ పని అబ్దుర్రహ్మాన్ ఇబ్నె ఔఫ్ గారి మీద పెట్టారు. ఆయన మూడు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. మదీనాలో ఇల్లిల్లూ తిరిగాడు. పరదాల వెనకున్న ఆడవాళ్ళని కూడా మీరెవరిని కోరుకుంటున్నారని అడిగాడని చరిత్రకారులు రాశారు."

ఖైరున్నీసా ఒక్కసారిగా నవ్వేసింది. "ఖాలా, విన్నారా? ఇల్లిల్లూ తిరిగాడంట! అది నా డ్యూటీయే!"

"షరియత్‌లో లేదు అనడం వేరు, మన అలవాటులో లేదు అనడం వేరు," అని ముగించాడు ఇమామ్. "కాదని చెప్పే పండితులూ, ఆలిములూ ఉన్నారు. వాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఆడవాళ్ళని అడక్కూడదనే మాట నాకైతే కనపడలేదు."

నమాజు అయ్యాక మసీదు ముందు ఎవరూ ఇంటికి పోలేదు. ఓటెయ్యడానికి ఆడా మగా ఒకే వరసలో నిలబడితే ఎలాగని ఒకాయన అడిగాడు. వేళలు వేరు చేద్దామన్నాడు ఇమామ్. ఇంకొకాయన, "సరే, ఆడవాళ్ళకి ఓటివ్వాలా వద్దా అని ముందు జనరల్ బాడీలో ఓటింగు పెడదాం," అన్నాడు. అది న్యాయంగానే ఉందని చాలామంది తలలూపారు.

గేటు దగ్గరికి అప్పుడే వచ్చిన ఖైరున్నీసా గొంతు వినిపించింది. "మీరు పెట్టే ఓటింగులో మేం ఉండం కదండీ. మేం లేనిచోట మా సంగతి తేలుస్తారా? మీరు చేతులెత్తితే వచ్చేది, దించేస్తే పోయేదీ హక్కెలా అవుద్దండీ?"

అందరూ ఖుద్దూస్ వైపు చూశారు. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ముప్పై ఆరేళ్ళు గార్డుగా చేశాను," అన్నాడు నెమ్మదిగా. "రూల్ బుక్కులో లేనిదాన్ని రూలని ఏనాడూ చెప్పలేదు. మొన్న ఈ అమ్మాయికి చెప్పాను. తప్పు నాది." తర్వాత ఇమామ్ వైపు తిరిగి, "ఎన్నికలు ఎలాగూ అక్టోబర్లో ఉన్నాయి. జాబితా ఎవరు రాస్తారు?" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. ఆ ప్రశ్నకి ఆ వీధిలో ఒక్కటే జవాబు.

సెప్టెంబరంతా ఖైరున్నీసా కొత్త రిజిస్టరు పట్టుకుని తిరిగింది. ప్రభుత్వం పనిమీద వెళ్ళిన గడపలే అవన్నీ. అయినా ఈసారి ప్రతి ఇంట్లో టీ తాగకుండా పంపలేదు. కొత్త కోడళ్ళు గుసగుసగా సందేహాలు అడిగారు. "మా ఆయన ఎవరికెయ్యమంటే వాళ్ళకే కదా ఆపా?" అందొక పిల్ల. "ఎవరికేశావో మీ ఆయనకి తెలియనే తెలియదమ్మా. చెప్పాలనుకుంటే చెప్పు, లేకపోతే లేదు," అంటే, ఆ పిల్ల నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేకపోయింది.

లాల్‌బీ తన పేరు రాస్తున్నంతసేపూ పెన్ను వంకే చూసింది. "సర్కారు లిస్టులో నా పేరు ఎప్పుడో ఉంది. అల్లా ఇంటి లిస్టులోకి ఎనభై ఏళ్ళకొచ్చింది. ఏదీ, ఇంకోసారి చదువు," అంది. ఖైరున్నీసా మూడుసార్లు చదివింది.

ఈలోగా జిలానీ కమిటీ మెంబరుగా నామినేషను వేశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ప్రశాంతత లేదు.

"నాకే కదా వేస్తావు?"

"రహస్యమండీ."

"కట్టుకున్న మొగుడికి రహస్యమేంటే?"

"మరి ప్రచారం చేసుకోండి. గది గురించి మీరేం చేస్తారో చెప్పండి ముందు."

జిలానీ నిజంగానే తెల్లకాగితం మీద మూడు హామీలు రాసి, భార్య చేతికిచ్చి, సంతకం కూడా పెట్టాడు.

ఎన్నికల అధికారిగా మసీదుతో సంబంధం లేనివాళ్ళు ఉండాలనుకున్నారు. రిటైరైన లెక్కల టీచరు దేవకుమారి గారిని అడిగారు. వీధిలో సగంమందికి ఆవిడ చేతి బెత్తం తెలుసు. లూథరన్ చర్చిలో సంఘం ఎన్నికలు నడిపిన అనుభవమూ ఉంది. ఆవిడ ఇమామ్ గారింటికి రాగానే, "ఓటేసినవాళ్ళకి గుర్తేం పెడతారండీ? మళ్ళీ మళ్ళీ వచ్చేస్తే?" అని అడిగారు.

ఎవరో గోళ్ళరంగు అన్నారు. గోళ్ళరంగు ఉంటే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళు గోటికి తగలవు, ఆ వుజూ చెల్లదు, నమాజుకి ఇబ్బంది అన్నాడు ఇమామ్. ఇమామ్ భార్య లోపలినుంచి, "గోరింటాకు పెట్టండి, వుజూకి అడ్డం రాదు," అంది. ఇమామ్ అది సబబేనన్నాడు. మగవాళ్ళ ముఖాలు మాత్రం చూడాలి ఆ పూట!

అక్టోబరు రెండో ఆదివారం దేవకుమారి గారు చర్చినుంచి నేరుగా, జరీ అంచు తెల్లచీరలో వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. పొద్దున మగవాళ్ళు వేశారు. ఒక్కొక్కరే చిటికెనవేలు గోటిమీద గోరింటాకు చుక్కతో, చెయ్యి జేబులో పెట్టుకుని బయటికొచ్చారు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఆడవాళ్ళ వంతు. కాలవ నిండుగా పారుతోంది. వరస మసీదు గేటు దాటి, లాకుల దాకా సాగింది. పెళ్ళికొచ్చినట్టు కొత్త చీరలు కట్టుకొచ్చారు కొందరు. లాల్‌బీ ఆటో దిగగానే వరస దానంతటదే పక్కకి జరిగి ఆవిడకి దారిచ్చింది. "వద్దు, నా వంతొచ్చేదాకా నుంచుంటాను. ఇన్నేళ్ళూ ఆగాను కదా," అందావిడ. చివరికి కుర్చీ తెచ్చి వరసలోనే కూర్చోబెట్టి, కుర్చీతో సహా ముందుకి జరిపారు.

ఖుద్దూస్ ఓడిపోతాననే నిశ్చయంతో వచ్చాడు. మసీదు తాళాలగుత్తి తుడిచి, కొత్తగా గెలిచినవాళ్ళకి అప్పగించడానికి రుమాల్లో కట్టి తెచ్చుకున్నాడు. సాయంత్రం నమాజు కాగానే దేవకుమారి గారు కళ్ళద్దాలు సవరించుకుని ఫలితాలు చదివారు. ప్రెసిడెంటుకి పడ్డ ఓట్లలో నాలుగింట మూడొంతులు ఖుద్దూస్‌వే. ఇదివరకు మూడుసార్లలో ఎప్పుడూ అన్ని రాలేదు.

ఆయన తాళాల మూట చేత్తో పట్టుకునే లేచాడు. ఆడవాళ్ళు కూర్చున్న వరండా వైపు తిరిగి, "నా మీద కోపంగా ఉన్నారనుకున్నానమ్మా," అన్నాడు.

"కోపం లేదని ఎవరన్నారు?" అంది లాల్‌బీ. "ఎర్రకాలవ పొంగి వీధి మునిగినప్పుడు, గుండెల్లోతు నీళ్ళలో అన్నం పొట్లాలు నెత్తిన పెట్టుకొచ్చింది నువ్వేగా. అందుకని ఓటేశాం. గది సంగతి అలాగే ఉంది. ఓటేసి మరీ తిడతాం నిన్ను, కూర్చో."

వరండాలో నవ్వులు మోగాయి. ఖుద్దూస్ కూడా కళ్ళొత్తుకుంటూ నవ్వాడు. జిలానీ రెండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ రెండింట్లో ఒకటి ఎవరిదో తేల్చుకోవాలని భార్య ముఖంలోకి ఎంతసేపు చూసినా లాభం లేకపోయింది.

ఆ మరుసటి ఆదివారం మొదటిసారి అందరూ ఉన్న జనరల్ బాడీ కూర్చుంది. గది వెంటనే పిల్లలకి ఇచ్చేస్తే గొడవ తీరిపోతుందని మగవాళ్ళు అనుకున్నారు. ఆడవాళ్ళందరిదీ ఒకే మాట అవుతుందని వాళ్ళ ధీమా. తీరా చూస్తే గదికంటే ఆడవాళ్ళు వుజూ చేసుకోడానికి కుళాయిలు ముందన్నారు కొందరు. డిసెంబరులో కూతురి పెళ్ళి పెట్టుకున్న ఒకావిడ, "గుండిగలు ఎండలో పెడితే ఎలాగండీ?" అని ఖైరున్నీసా మీదకే లేచింది. మసీదు మెట్ల పక్కన రేకుల పందిరి వేసి గుండిగలు అక్కడ పెట్టిస్తానని, పందిరి తానే స్వయంగా వేస్తానని జిలానీ లేచి చెప్పాడు. అలా గది పిల్లలకి దక్కింది. చేతులెత్తినవాళ్ళలో ఖుద్దూస్ మొదటివాడు.

కుళాయిలు ఎటువైపు పెట్టాలనేది మాత్రం తెగలేదు. తూర్పు గోడకని సగంమంది, పడమటికని సగంమంది. సాయంత్రం అసర్ నమాజుకి పిలిచే అజాన్ వినిపించగానే అందరూ ఠక్కున మాటలాపారు. నమాజు ముగించుకుని, ఎవరి చోటుకి వాళ్ళు తిరిగొచ్చి, ఎక్కడ ఆపారో అక్కడినుంచే మళ్ళీ మొదలుపెట్టారు.