ఊకొట్టే డాక్టరు నోటి తడి

ఎవరైనా తమ బాధ చెప్పుకుంటుంటే నువ్వు తల ఊపుతూ ఊకొడతావు చూడు, ముందు ఆ పని మానుకో. వినే మనసు లేకపోతే లేచి వెళ్లిపో, అదే మర్యాద. ఊకొట్టి ఊకొట్టి పేరు తెచ్చుకున్న పెద్దమనిషి ఒకడున్నాడు. వాడి గతి చెబుతాను, విను.

వాడు మనస్తత్వ శాస్త్రవేత్త. ఘోర ప్రమాదాల్లోంచి బతికి బయటపడినవాళ్ల భయం మీద పరిశోధన వాడి బతుకుతెరువు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ల్యాబులో మెత్తని కుర్చీలో కూర్చునేవాడు. ఎదురుగా చెక్క కుర్చీ. అందులో కూర్చున్నవాళ్లు జరిగిందంతా మొదట్నుంచీ చెప్పాలి. "ఊఁ... ఊఁ... తర్వాత?" అనేవాడు వాడు, గోళ్లు చూసుకుంటూ. చెప్పడం అవగానే చిన్న గాజు గొట్టంలో ఉమ్మమనేవాడు. మనిషి ఎంత హడలిపోయాడో ఉమ్మిలో తెలుస్తుందట. ఆ గొట్టాలన్నీ చీటీలు అంటించి ఫ్రీజర్లో దాచేవాళ్లు.

ఫ్రీజర్ తలుపు తీస్తే గొట్టాలు మాట్లాడేవి. 'మెట్లు కనబడట్లేదు' అని ఒకటి, 'నీళ్లు గొంతుదాకా వచ్చాయి' అని ఇంకొకటి, ఎవరి గొంతుతో వాళ్ల మాట. ల్యాబులో వాళ్లకిది ఫ్యాను చప్పుడుతో సమానం. మరీ గోలగా ఉంటే తలుపు దబాలున వేసేవాళ్లు. తాళాలు వాడి భార్య దగ్గరుండేవి. అక్కడ ఆమె ఉద్యోగం అదే.

ఒక కుట్టుపనామె వచ్చేది. బట్టల ఫ్యాక్టరీ తగలబడినప్పుడు పొగలో చెల్లెలి చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది. అప్పట్నుంచీ నిద్ర లేదు. "ముందు పరిశోధన కానివ్వమ్మా, వైద్యం తర్వాత చూద్దాం" అనేవాడు. ఆ తర్వాత అనేది ఎన్నడూ రాలేదు. అయినా ఆ ఇల్లాలు తనంతట తానే తేరుకుంది. మళ్లీ మిషను తొక్కుతోంది. ఉమ్మిలో భయం తగ్గుతూ వచ్చింది.

సంతోషించాల్సినవాడు మొహం మాడ్చుకున్నాడు. ఇలాంటి భయం ఏళ్లు గడిచినా తగ్గదని అప్పటికే పుస్తకం రాసి పారేశాడు మరి! ఆ పుస్తకానికి బహుమానం ఇచ్చే పెద్దలు గొట్టాలు చూడ్డానికి రాబోతున్నారు. తేరుకున్న మనిషి వాడి కంట్లో నలుసైంది.

ఆ రోజు ఆమె చెబుతుండగా వాడు బల్ల కింద మీట నొక్కాడు. గదిలో ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఆమె కుర్చీ తోసేసి, గోడ తడుముకుంటూ, చెల్లెల్ని పేరు పెట్టి కేకేసింది. వాడు "ఊఁ" అని గొట్టం చాచాడు.

ఇంటికెళ్లాక చూసుకుంటే ఆ పేరు ఆమె నోట్లో లేదు. ఫొటో ముందు నిలబడి ఎంత పిలుద్దామన్నా నాలుక తిరగలేదు. మర్నాడే వచ్చింది.

"డాక్టరుగారూ, నా చెల్లెలి పేరు మీ గొట్టంలో ఉండిపోయింది. ఇచ్చెయ్యండి."

"అది పరిశోధన సొత్తమ్మా. ఒప్పుకునేగా ఉమ్మావు?"

"పేరన్నా పిలుచుకోలేకపోతే దానిది నాకింకేం మిగిలింది బాబూ?"

"ఊఁ" అన్నాడు వాడు. అలవాటు.

గుమ్మంలో నిలబడ్డ భార్య అంతా విన్నది.

"ఏవండీ, ఒక్క గొట్టం ఇస్తే మీ కొంపేం మునగదు."

"నీకెందుకివన్నీ? తాళాలు చూసుకో, చాలు."

"చూసుకుంటాను. బాగానే చూసుకుంటాను."

తిన్నగా వెళ్లి ఫ్రీజర్ తీసి, "ఇదిగో చెల్లీ" అని గొట్టం ఆమె చేతిలో పెట్టింది. కుట్టుపనామె గుప్పిట బిగించింది. మంచు కరిగింది. ఆమె చెల్లెలి పేరు మెల్లగా పిలిచింది, మళ్లీ పిలిచింది. భార్య ఆమె చెయ్యి పట్టుకుని మెట్లదాకా దింపింది. ఒక్కసారి కూడా ఊకొట్టలేదు.

పెద్దలు వచ్చే వేళ అయింది. వాడు భార్య దగ్గర తాళాలు లాక్కుని, ఖాళీ గొట్టానికి కుట్టుపనామె చీటీ అంటించి, అందులో తానే ఉమ్మి ఫ్రీజర్లో పెట్టాడు. భయంతో ఉమ్మిన ఉమ్మే కదా, ఎవరిదైతేనేం అనుకున్నాడు. సిగ్గులేని తెలివి.

పెద్దలు వచ్చి ఫ్రీజర్ తీయించారు. అన్ని గొంతుల మధ్యా ఒక మగగొంతు ఖంగుమంది: "తేరుకుంటోంది దరిద్రపుది! సైరన్ మోగిస్తే గానీ దారికి రాదు."

వాళ్లలో పెద్దాయన చీటీ చూశాడు, వాడి మొహమూ చూశాడు. "కుట్టుపనామె గొంతు ఇంత బొంగురా అండీ?"

వాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. మిగతావాళ్లకైతే ఒక పేరో, ఒక కేకో పోయేది. వాడి లోపల ఉన్నదల్లా ఆ మాటొక్కటే కాబట్టి, దాంతోపాటు గొంతు మొత్తం పోయింది.

ఉద్యోగం ఊడింది. పుస్తకం తూకానికి పోయింది. "మీది మీరు ఉంచుకోండి" అని భార్య ఆ గొట్టం వాడి చేతిలో పెట్టి తన దారి తాను చూసుకుంది. ఇప్పుడు ల్యాబు ఎదుట బల్ల మీద కూర్చుంటాడు, ఎండలో, గుప్పిట బిగించి. ఎవరైనా పలకరిస్తే ఊకొట్టడానికి కూడా గొంతు లేదు. ఎంతసేపు పట్టుకున్నా వాడి అరచేతిలో ఆ మంచు మాత్రం కరగదు.