బ్రేకు తొక్కలేదు

మధ్యాహ్నం భోజనాల వేళ ఇవానో గొడ్డలి పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

ఇటలీలో మోదెనా ఊరి పక్కన ఒర్నెల్లా బెర్గొంజీనికి రెండు కంపెనీలున్నాయి. ఒకదాంట్లో లోహపు పొడిని లేజర్‌తో కరిగించి, పొర మీద పొర వేస్తూ విడిభాగాలు చేస్తాం. రెండోదాంట్లో వాటితో గాలిని చీల్చుకుపోయే కార్లు కడతారు, ఏడాదికి పాతిక మాత్రమే. ఇవానో ఆమె మరిది, ఆ కార్లను పరీక్షించే డ్రైవరు. ట్రాక్ మీద తాగి దొరికిన రోజే ఆమె అతన్ని పనిలోంచి పంపేసింది.

మొదటి దెబ్బ కారు తలుపు మీద పడింది. మా పనివాళ్లలో పెద్దాయన లెయార్కో చెంచా పారేసి అడ్డం వెళ్లాడు.

"ఒరేయ్, నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణిరా!"

"తప్పుకో ముసలోడా!"

గొడ్డలి వెనకవైపు పెద్దాయన దవడకు తగిలింది. తెల్లటి నేల మీద పళ్లు, నెత్తురు. నేను ఇవానో మీద పడ్డాను. తిప్పి కొట్టాడు. నా ఎడమచెయ్యి విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

అప్పుడే ఒర్నెల్లా కొత్త కారును ట్రాక్ మీద తిప్పి షెడ్డులోకి తెస్తోంది. ఇవానో పెద్దాయన మీద మళ్లీ గొడ్డలెత్తాడు. కారు రొద విని తిరిగాడు. గొడ్డలి పారేసి రెండు చేతులూ పైకెత్తాడు.

"వద్దొదినా!"

ఆపడానికి కావలసినంత దూరం ఉంది. ఆమె ఆపలేదు. కారు అతన్ని గోడకు అదిమింది.

ఆమె దిగి, తన బెల్టు తీసి, అతని తొడకు బిగించి కట్టింది.

"చంపెయ్యి, ఒదినా."

"నోర్ముయ్. కదిలితే నెత్తురాగదు."

కాలు మోకాలి కింద తీసేశారు.

బ్రేకులు పట్టలేదని చెప్పమన్నాడు ఆమె లాయరు. కొత్త కారు కాబట్టి ఎవరైనా నమ్ముతారన్నాడు. ఆ బ్రేకులు చేసింది మేం పదిమందిమి. కోర్టులో ఆమె మావైపు చూడనైనా లేదు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి. నేనే తొక్కలేదు."

"ఎందుకు?" జడ్జి అడిగాడు.

"వాడు చావాలనుకున్నాను."

మూడేళ్లు వేశారు. బయటికి తీసుకెళ్తుంటే, తీగలు కట్టిన దవడతోనే లెయార్కో గొణిగాడు: "పిచ్చిదానా, తప్పు బ్రేకు మీదకి తోసెయ్యకపోయావా?"

"మీరు చేసినదాని మీదకా?" అందామె.

నెలకోసారి జైలుకు వెళ్తాను. మొదటిసారే చెప్పింది: "ఎర్మెస్, వాడికి కాలు మన దగ్గరే చెయ్యండి. తేలిగ్గా ఉండాలి."

టైటానియంతో చేసి తీసుకెళ్లాను. ఇవానో దాన్ని నా మొహాన కొట్టాడు. కనుబొమ్మ చీలి మూడు కుట్లు పడ్డాయి.

తర్వాతిసారి జైలుకు వెళ్లినప్పుడు ఆ మాట ఆమెకు చెప్పాను.

"కొలత కుదరలేదేమో," అంది. "ఇంకోటి చెయ్యి."

చేస్తున్నాం.