ఇంజను మీద బట్టల క్లిప్పులు

బట్టలారేసుకునే చెక్క క్లిప్పులు జేబులో కుక్కుకుని, అవి తొడకి గుచ్చుకుంటున్నా పైకి నవ్వుతూ నిలబడటమంటే ఎలా ఉంటుందో డ్వేన్ స్కోవిల్‌ని అడగాలి. నలభై ఏళ్ళు తివాచీల కొట్లో పనిచేసినవాడు. ఎలాంటి ఇల్లాలినైనా ఒప్పించి, అక్కర్లేని గదికి కూడా తివాచీ అంటగట్టిన నోరు. ఆ శనివారం మాత్రం ఆ నోరు పెగల్లేదు.

ముందు బండి సంగతి చెప్పాలి. డెబ్భయ్యో సంవత్సరం నాటి బ్యూక్ జీఎస్ కారు. మా ఫ్లింట్ ఊరి చుట్టుపక్కల వాళ్ళకి ఆ బండేమిటో వేరే చెప్పక్కర్లేదు, ఎవరింట్లో చూసినా తాతో మేనమామో ఆ బండ్లు తయారుచేసే కార్ఖానాలో బోల్టులు బిగించినవాడే. డ్వేన్‌కి పదిహేడేళ్ళప్పుడు ఎదురింటి కుర్రాడికి ఒకటుండేది. అది వీధి మలుపు తిరుగుతుంటే వీళ్ళింట్లో కంచాలు గలగలమనేవి. అప్పట్నుంచీ మనవాడికి అదే యావ. పెళ్ళి, పిల్లలు, ఇంటి వాయిదాలు అన్నీ అయ్యేసరికి యావ మిగిలింది గానీ జుట్టు మిగల్లేదు. రిటైరైన ఏడాది కొరన్నా అనే ఊరి దగ్గర ఒక రైతు కొట్టంలో, గడ్డిమోపుల వెనక, సీట్లలో ఎలకలు కాపరం పెట్టిన బ్యూక్ దొరికింది. దాన్ని ఇంటికి లాక్కొచ్చిన రోజు చుట్టూ పదిసార్లు తిరిగి, "దీన్ని నా చేతుల్తో నేనే బాగుచేసుకుంటా, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వను" అని భార్యతో గొప్పగా చెప్పాడు.

"అలాగే చేసుకో," అంది గెయిల్. "చేతులు మాత్రం విరగ్గొట్టుకోకు. గిన్నెలు కడగాలి."

చేతులు విరగలేదు గానీ మొదటి వారంలోనే బోల్టులు విరిగాయి. కార్బురేటర్ విప్పి బల్ల మీద పరిచాడు, ఏది ఎక్కడిదో తెలియక దానికేసి చూస్తూ కూర్చున్నాడు. కాఫీ ఇద్దామని వచ్చిన గెయిల్ ఒక చిన్న స్క్రూ తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఆవిడ ఉద్యోగమంతా కట్టుడుపళ్ళు తయారుచేసే చోట గడిచింది. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తుంది.

"ఇది ఇక్కడిది కాదు డ్వేన్. ఆ పక్కదాన్లోది."

"నీకెలా తెలుసు?"

"బిగించి చూడు. కూర్చోదు."

కూర్చోలేదు. అంతే, ఆ కాఫీ చల్లారిపోయింది, గెయిల్ మాత్రం లేవలేదు. ఆ చలికాలమంతా లేవలేదు, పై చలికాలమూ లేవలేదు. వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి కార్బురేటర్ కట్టింది. నేల మీద వెల్లకిలా పడుకుని బ్రేకులు కట్టింది. అర్థం కానివి పుస్తకాలు తిరగేసి నేర్చుకుంది. మరి డ్వేన్ ఏం చేశాడంటారా? టార్చి పట్టాడు. "కొంచెం ఎడమకి. నా మొహం మీద కాదు మహానుభావా, చేతి మీద!" అని ఆవిడ కసిరేది, ఈయన జరిపేవాడు. బయట మంచు కురుస్తుంటే గరాజులో చిన్న హీటరు పెట్టుకుని, పెళ్ళయిన కొత్తలో కూడా చెప్పుకోనన్ని కబుర్లు చెప్పుకున్నారు. నిజానికి డ్వేన్ బతుకులో అంత సుఖంగా గడిచిన రోజులు లేవు. అడిగినవాళ్ళకి ఆ ముక్కే చెప్పి ఉంటే సరిపోయేది.

అడిగారు. మే నెలలో బండి మొదటిసారి బయటికొచ్చింది. శనివారం సాయంత్రాలు పాతబండ్లవాళ్ళంతా ఐస్‌క్రీం కొట్టు ముందు చేరి, బానెట్లు ఎత్తిపెట్టి, పక్కన మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఆ గుంపుకి పెద్ద రోజర్ పవ్లాక్. ఆయన "ఊఁ" అంటే బండి బాగున్నట్టు, ఏమీ అనకపోతే ఇంటికి పోవచ్చు. ఆ పవ్లాక్ బ్యూక్ బానెట్ కింద తల దూర్చి చాలాసేపు విన్నాడు.

"కార్బురేటర్ ఎవరు కట్టార్రా? ఇంత నున్నగా తిరుగుతోంది!"

"నేనే," అన్నాడు డ్వేన్.

ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. నోరు జారింది. పవ్లాక్ వీపు మీద ఒక్కటి చరిచి "గట్టివాడివేరా!" అన్నాడు. ఆ చరుపుకి డ్వేన్‌కి మళ్ళీ పదిహేడేళ్ళొచ్చాయి. వెనక్కి తిరిగితే గెయిల్ నిలబడి ఉంది, రెండు చేతుల్లో రెండు ఐస్‌క్రీములు. విన్నదో లేదో మొహం చూస్తే తెలియలేదు. ఒకటి ఈయన చేతిలో పెట్టి, "కారిపోతోంది, తిను" అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఇంటికెళ్ళాక ఆ మాట ఎత్తుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఎత్తలేదు. హమ్మయ్య అనుకున్నాడు, సిగ్గులేని మనిషి. పై వారానికి బ్రేకులు కట్టిందీ తనే అయ్యాడు, ఆ పై వారానికి గేర్‌బాక్సు విప్పిందీ తనే. తివాచీల నోరు కదా, గది ఎంతుంటే అంత పరిచేశాడు. గెయిల్ కుర్చీలో కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుకునేది. శుక్రవారం సాయంత్రం మాత్రం గరాజులోకొచ్చి, మర్నాటికి బండిని సరిచేసి పెట్టేది. పక్కన ఈయన టార్చి పట్టుకుని, 'ఇవాళ చెప్పేస్తాను, తప్పయిపోయిందని ఒప్పేసుకుంటాను' అనుకునేవాడు. ఆవిడ "ఇంకొంచెం కిందకి" అనేది. ఈయన కిందకి పట్టేవాడు. అక్కడితో సరి.

జూన్‌లో ఎండలు ముదిరాక బండి రైలుగేటు దగ్గర టపీమని ఆగిపోయింది. ఆ కాలపు బండ్లన్నిటికీ ఉన్న జబ్బే అది. ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది, ఇంజనుకి చుక్క అందదు. ఇంటికెళ్ళగానే గెయిల్ దండెం మీంచి ఆరు చెక్క క్లిప్పులు లాక్కొచ్చి ఆ గొట్టానికి వరసగా తగిలించింది. "మా నాన్న ధాన్యం లారీకి ఇలాగే పెట్టేవాడు. చెక్క వేడి లాక్కుంటుంది," అంది. ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు.

జూలైలో ఒక శనివారం ఫైర్‌స్టేషన్ మైదానంలో పెద్ద ప్రదర్శన. అందులో బహుమతిగా ఒక ఫలకం ఉంది, మెకానిక్కుల చెయ్యి పడకుండా ఇంట్లోనే కట్టుకున్న బండికి ఇచ్చేది. మా వాళ్ళలో ఆ ఫలకానికున్న గౌరవం ఇంక దేనికీ లేదు. గెలిచినవాళ్ళు బండి నడుపుకుంటూ వరసగా వేదిక ముందుకొస్తే కిటికీలోంచి చేతికిస్తారు. పొద్దున్నించీ డ్వేన్ కాళ్ళు నేల మీద నిలవడంలేదు. గెయిల్ చెర్రీపళ్ళు కూరిన తీపిరొట్టె కొనుక్కొస్తానని డేరా వైపు వెళ్ళింది. సరిగ్గా అప్పుడొచ్చాడు పవ్లాక్, వెనక పదిమందిని వేసుకుని.

"ఒరేయ్ డ్వేన్, ఇదేంట్రా! ఇంజను మీద బట్టలారేస్తున్నావా?"

అందరూ గొల్లుమన్నారు. "లోపలి బట్టలు కూడా తేవాల్సింది గురూ, ఎండ బాగుంది!" అన్నాడు ఒకడు వెనకనుంచి.

డ్వేన్‌కి చెవులు కాలిపోయాయి. "అబ్బే, నేను కాదు, మా ఆవిడ పెట్టింది," అన్నాడు. "ఆడవాళ్ళకేం తెలుస్తుంది బండి సంగతి! వద్దంటే వినదు." అని ఒక్కొక్క క్లిప్పూ పీకి జేబులో వేసుకున్నాడు.

డేరా వైపు చూశాడు. గెయిల్ ఇంకా వరసలోనే ఉంది, వినే దూరం కాదు. గబగబా బానెట్ మూసేశాడు. ఆవిడ వచ్చి "ఎందుకు మూశావు?" అంటే, "ఎండకి రంగు పాడవుతుందని" అన్నాడు. ఎండకి బానెట్ మూస్తే లోపల ఇంకా ఉడుకుతుందని ఆ ఇద్దర్లో ఒకళ్ళకి తెలుసు. ఆవిడ ఒకసారి వింతగా చూసి, రొట్టె ముక్క ఆయన చేతిలో పెట్టింది.

మూడింటికి మైకులో పేరు పిలిచారు. ఇంట్లో కట్టిన బండి, డ్వేన్ స్కోవిల్, బ్యూక్! జనం చప్పట్లు. డ్వేన్ బండెక్కి వరసలో నిలబెట్టాడు. ముందున్న బండ్లు నత్తల్లా కదులుతున్నాయి. వేడి చూపించే ముల్లు పైకెక్కుతోంది, జేబులో క్లిప్పులు గుచ్చుకుంటున్నాయి. సరిగ్గా వేదిక ముందుకొచ్చేసరికి ఇంజను రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి చచ్చూరుకుంది.

"ఏం పర్లేదు," అన్నాడు వేదిక మీద మైకు పట్టుకున్న లెరాయ్. "కట్టినవాడే ఉన్నాడుగా! డ్వేన్, దిగి చూడు."

దిగాడు. బానెట్ ఎత్తాడు. మైదానమంతా చూస్తోంది. ఒక వైరు పట్టుకుని లాగాడు, ఇంకోటి నొక్కాడు. జబ్బేమిటో తెలుసు, మందు జేబులోనే ఉంది. తీస్తే పవ్లాక్ చూస్తాడు, పవ్లాక్ కన్నా ముందు గెయిల్ చూస్తుంది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. అది చీలలేదు. ఐసు డబ్బా పట్టుకుని గెయిలే వచ్చింది.

గొట్టం వైపు చూసింది. చాలా నెమ్మదిగా, ఆయనకి మాత్రమే వినపడేలా అడిగింది. "క్లిప్పులేవి?"

"దారిలో పడిపోయినట్టున్నాయి," అన్నాడు డ్వేన్.

అయ్యో, నోరు! అక్కడైనా ఆగచ్చు కదా.

"పడిపోవడమేంట్రా!" అన్నాడు పవ్లాక్ పక్కనుంచి. పాపం ఆయనకేం కపటం లేదు, గుర్తుచేద్దామనుకున్నాడంతే. "నువ్వే పీకి జేబులో వేసుకున్నావుగా. నువ్వు పెట్టావట కదమ్మా గెయిల్? ఆడవాళ్ళకేం తెలుసు, వద్దంటే వినదన్నాడు!"

గెయిల్ అరచెయ్యి చాపింది.

డ్వేన్ జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి చెమట, క్లిప్పులు గుడ్డకి పట్టుకుని రావడంలేదు. జేబు లోపలి గుడ్డంతా బయటికొచ్చింది, దాంతోపాటు నలిగిన రుమాలూ, రెండు చాక్లెట్ కాగితాలూ కింద పడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరు క్లిప్పులూ ఆవిడ చేతిలో పోశాడు. ఆవిడ మెడలో రుమాలు విప్పి, ఐసునీళ్ళలో ముంచి గొట్టానికి చుట్టింది, చల్లబడ్డాక తీసేసి క్లిప్పులు తగిలించి బానెట్ దించింది. "తిప్పు," అంది. డ్వేన్ సీట్లోకెక్కి తాళం తిప్పాడు. ఇంజను అందుకుని ఫైర్‌స్టేషన్ కిటికీలు గలగలలాడాయి.

జనం ఈలలేశారు. లెరాయ్ ఫలకం పట్టుకుని కిందకి వంగాడు. "గెయిల్, నాకో అనుమానం వస్తోంది. ఇంతకీ బండి కట్టిందెవరు? ఎవరి పేరు చదవను?" అని నవ్వుతూ మైకు ఆవిడ ముందు పెట్టాడు.

డ్వేన్ 'చెప్పెయ్యి' అనుకున్నాడు. చెప్పేస్తే ఈ బరువు దిగిపోతుందనుకున్నాడు.

"ఆయన పేరే చదవండి," అంది గెయిల్. "అంతా ఆయనే చేశారు. నేను టార్చి పట్టానంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట ఎక్కడ తగిలిందో ఆ మైదానంలో ఒక్కడికే తెలుసు. 'కాదు' అని ఒక్క మాట, మైకు జానెడు దూరంలో ఉంది. డ్వేన్ నోరు తెరిచాడు. లెరాయ్ కిటికీలోంచి ఫలకం ఒళ్ళో పెట్టి "తర్వాతి బండి!" అన్నాడు. డ్వేన్ నోరు మూసుకుని బండి ముందుకి పోనిచ్చాడు.

ఇంటికెళ్ళే దారిలో సగం దూరం దాటాక డ్వేన్ నోరు విప్పాడు. "వచ్చే శనివారం అందరికీ నిజం చెప్పేస్తాను గెయిల్."

"ఎందుకు? వాళ్ళకి తెలియాలని నేనెప్పుడన్నా అడిగానా?" గెయిల్ కిటికీలోంచి మొక్కజొన్న చేలకేసి చూస్తోంది. "వాళ్ళ దగ్గర ఏం చెప్పుకున్నా సరే, నీకు తెలుసు కదా అనుకున్నాను. అందుకే ఊరుకున్నాను. ఆడవాళ్ళకేం తెలుసన్నావట."

ఆ శుక్రవారం సాయంత్రం డ్వేన్ గరాజులో టార్చి వెలిగించుకుని కూర్చున్నాడు. ఆవిడ రాలేదు.

శనివారం చెప్పాడు. అదైనా చేశాడు. ఐస్‌క్రీం కొట్టు ముందు పవ్లాక్‌నీ మిగతావాళ్ళనీ నిలబెట్టి, కార్బురేటర్ దగ్గర్నుంచి బ్రేకుల దాకా అన్నీ గెయిలే కట్టిందని, తను కోతలు కోశానని చెప్పాడు. పవ్లాక్ పగలబడి నవ్వాడు. "ఇంట్లో బాగా వాయించిందన్నమాట! ఎన్నాళ్ళయిందిరా సోఫా మీద పడుకోబట్టి?" అందరూ నవ్వారు. నిజంరా బాబూ అని మొత్తుకున్న కొద్దీ ఇంకా నవ్వారు. పెళ్ళాన్ని మంచిచేసుకోవడానికి ఎంత మంచి మనసో అని ఒకడు మెచ్చుకున్నాడు కూడా.

ఇంటికొచ్చేసరికి గెయిల్ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది.

"చెప్పాను," అన్నాడు. "ఎవరూ నమ్మలేదు."

"ఎలా నమ్ముతారు?" ఆవిడ వెనక్కి తిరగలేదు. "అంత బాగా అమ్మావు మరి."

డ్వేన్ తడిబట్టల బుట్ట పక్కన నిలబడ్డాడు. అడగడానికి మొహం చెల్లకపోయినా అడిగాడు. "వచ్చే శుక్రవారమైనా గరాజులోకి వస్తావా?"

"బండి కట్టేవాడివి నువ్వు," అంది గెయిల్. "టార్చి పట్టడానికి మనిషెందుకు? మేకుకి తగిలించుకో."

దుప్పటి అంచు దండెం మీద సరిచేసి, చూడకుండానే చెయ్యి చాపింది. డ్వేన్ బుట్టలో వెతికి ఒక చెక్క క్లిప్పు అందించాడు. గొట్టం మీంచి ఆవిడ ఎప్పుడు తీసేసిందో, దానికింకా ఇంజను నూనె మరక ఉంది.