కండక్టరుగారి పక్కసందు

ఆ వీధిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక చేయాల్సిన పనులు కొన్ని ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య కట్టిన బట్టల తాడు ఒక కొస విప్పెయ్యాలి. అలమార అంచున ఉన్న గాజు సీసాలు లోపలికి నెట్టాలి. కుళాయికి తగిలించిన రబ్బరు పైపులో కాస్త వదులుందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి ఓ కునుకు తీయాలి. ఇంట్లోవాళ్ళు కునుకు తీసే ఆ కాసేపట్లోనే ఇళ్ళు జరిగేవి.

మరీ పరుగులేం పెట్టేవి కావు. బెత్తెడు, జానెడు, బాగా ఊపు మీదుంటే మూరెడు. మనుషుల మనసు ఎటు పోతే ఇల్లూ అటే. పక్కింటితో మాటలు ఆగిపోతే మధ్యలో సందు పెరుగుతూ పోయి ఆటో పట్టేంత అయ్యేది. మళ్ళీ కలిసిపోతే అందులో దూరడానికి పిల్లి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేది. ఎవరికెవరితో పడటం లేదో తెలియాలంటే ఆ వీధిలో ఎవర్నీ అడగక్కర్లేదు, సైకిలు మీద ఒక్క చుట్టు తిరిగొస్తే చాలు. ఇంటితోపాటే దాని స్థలమూ జరిగేది కాబట్టి హద్దుల తగాదాలు లేవు. తగాదా పడటానికి వేరే కారణాలు బోలెడు ఉన్నాయి లెండి.

చివరి ఇల్లు కండక్టరుగారిది. సర్వీసంతా సిటీ బస్సులో నిలబడి గడిపిన మనిషి, రిటైరయ్యాక కూర్చోవడం మొదలెట్టాడు. అదీ ఒక్కచోటే, వరండాలో, వీధి అయిపోయే చోట మొదలయ్యే ఖాళీ మైదానం వైపు మొహం పెట్టి. ఊపిరాడని జనంలో బతికినవాడికి ఆ ఖాళీ అంటే ప్రాణం. మంచివాడే. కాకపోతే మాట పడడు, అన్న మాట మార్చుకోడు. భార్య పోయాక ఆ రెండూ కాస్త ముదిరాయి.

ఆయనకి ఒక్కతే కూతురు, నర్సు. మొగుడితో పొసగక విడిపోయి, ఊరికి ఆ చివర మేడ మీద రేకుల గదిలో అద్దెకుండేది. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, తండ్రికి షుగరు పరీక్ష చేసి, చీవాట్లు పెట్టి, టీ తాగి వెళ్ళేది.

అలా సాగిపోతుండగా మైదానం చేతులు మారింది. కొన్నవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ వైపంతా ఒక్కో స్థలంలో ఒక్కో విడి ఇల్లే కట్టాలన్న నిబంధన ఉంది. దాన్ని మైదానం వరకూ మార్చి, గోడకి గోడ కలిపి వరస ఇళ్ళు కట్టుకోనివ్వమని. అభ్యంతరాలుంటే టౌన్‌హాల్లో జరిగే సభకొచ్చి చెప్పుకోండంటూ మైదానం మధ్యలో ఓ బోర్డు పాతారు.

బోర్డు సరిగ్గా కండక్టరుగారి చూపుకి అడ్డంగా పడింది. ఆ సాయంత్రమే ఆయన వరండాలో కమిటీ పుట్టింది.

"ఇప్పుడొచ్చే నీళ్ళే దారంలా వస్తున్నాయి. అంతమంది తోడైతే కుళాయి తిప్పితే గాలి తప్ప ఏం రాదు" అన్నాడు లెక్చరరు. ఆయన కాలేజీలో పాఠం చెప్పి ఇంటికొచ్చాక మిగిలింది వీధికి చెప్పేవాడు.

"వాన నీళ్ళన్నీ ఆ మైదానమే తాగుతోంది. దాన్ని సిమెంటు చేసేస్తే అవెక్కడికి పోతాయి? నా మిషను కిందికే" అంది దర్జీ పిన్ని. కండక్టరుగారి పక్కిల్లే ఆవిడది. వయసుతో పనిలేకుండా వీధి వీధంతా ఆవిణ్ణి పిన్ని అనే పిలిచేది.

ఇవేవీ ఉత్తుత్తి భయాలు కావు. వానాకాలంలో ఆవిడ ఇంట్లో కత్తెరా స్కేలూ తేలడం అందరూ చూసిందే.

"అసలు సంగతి వదిలేస్తున్నారు మీరు" అన్నాడు కండక్టరుగారు. "గోడకి గోడ ఆనించుకుని బతకడం ఒక బతుకేనా అండీ? పక్కవాడు దగ్గితే మనింట్లో గ్లాసు కదులుతుంది. మనిషన్నాక కాస్త ఎడం ఉండాలి."

అందరూ తలలూపారు. అది మొదలు రోజూ సాయంత్రం కలుసుకున్నారు. ఒకరింటి నుంచి టీ, ఇంకొకరింటి నుంచి బిస్కెట్లు, ఎవరి కుర్చీ వాళ్ళు. ఎన్నాళ్ళగానో పలకరింపుల్లేని వాళ్ళు కూడా నీళ్ళ గురించి, పార్కింగ్ గురించి ఏకకంఠంతో కేకలేసుకుని, హాయిగా నవ్వుకుని ఇళ్ళకి పోయారు. ఇళ్ళు ఊరుకుంటాయా? మధ్యాహ్నం మధ్యాహ్నం జానెడు చొప్పున దగ్గరికి జరగడం మొదలెట్టాయి. బట్టల తాళ్ళు కట్టుకునే చోటు లేకుండా పోయింది. కమిటీ ఎంత గట్టిగా వద్దంటే వీధి అంత వరసగా తయారైంది.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చి, వీధి ఆ కొస నుంచి ఈ కొసకి నడిచి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీ అభ్యంతరం వరస ఇళ్ళ మీదే కదండీ?"

"అవునండీ" అన్నాడు లెక్చరరు.

"మరి ఇవీ..."

"మావి వేరండీ. వాటంతటవే వచ్చాయి."

ఆవిడ సరేనని తలూపి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం కూతురొచ్చి కిటికీ తెరవబోతే రెక్క పిన్ని గోడకి తగిలింది.

"ఏంటి నాన్నా ఇది?"

"ఐకమత్యం" అన్నాడాయన, గర్వంగా.

కూతురు నవ్వలేదు. తండ్రి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "నాన్నా, ఆ వరస ఇళ్ళల్లో ఒకటి నాకు కావాలని కట్టేవాళ్ళని అడిగొచ్చాను."

"ఏ వరస ఇళ్ళు?"

"నువ్వు వద్దంటున్నవే."

ఆయన మైదానం మీంచి చూపు తిప్పుకున్నాడు. "ఇక్కడ వెనక గది ఖాళీగానే ఉందిగా. ఎన్నిసార్లు రమ్మన్నాను?"

"వస్తే నేను మళ్ళీ తొమ్మిదో క్లాసు పిల్లనైపోతాను నాన్నా. ఎక్కడికెళ్తున్నావ్, ఫోన్లో ఎవరు, ఇంకా లైటెందుకు వెలుగుతోంది..."

"అడిగితే తప్పా?"

"తప్పు కాదు. నీకది మానడం రాదు, నాకది పడటం రాదు. నాకంటూ ఓ తలుపు కావాలి. దాని తాళం నా బ్యాగులో ఉండాలి. నీకు ఒంట్లో బాగోకపోతే చెప్పులేసుకునేలోపు ఇక్కడుండాలి. ఇంతకన్నా ఏం అడగట్లేదు." ఆమె గొంతు కాస్త తగ్గింది. "కుదరదంటే బదిలీకి ఒప్పుకుంటాను. అక్కడ క్వార్టర్స్ ఇస్తారట. రైల్లో ఒకరోజు ప్రయాణం. ఇంక ఆదివారాలు ఉండవు."

అయినా కండక్టరుగారు అన్న మాట, "వీధికి మాటిచ్చాను తల్లీ."

ఆమె టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది. ఈ సంగతి ఆయన కమిటీలో ఎవరికీ చెప్పలేదు.

సభ రోజు టౌన్‌హాలు నిండిపోయింది. కండక్టరుగారు చాలా బాగా మాట్లాడాడు. నీళ్ళు, కాలువలు, ఇరుకు, గోడకి గోడ. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆయన వచ్చి కూర్చున్నాక, మైకు దగ్గరికి యూనిఫాంలో ఒకామె నడిచింది. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిన్ని ఆమెని గుర్తుపట్టి కండక్టరుగారి వైపు తిరిగింది. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"నేను ఆ వరస ఇళ్ళల్లో ఉందామనుకుంటున్న మనిషినండీ" అంది కూతురు. "ఇందాకట్నుంచీ మా గురించే మాట్లాడుతున్నారు. మేమెవరమో ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నాను. రాత్రంతా డ్యూటీ చేసి, పగలు రేకుల గదిలో పడుకుంటాను. పడుకుంటాననడమే గానీ ఆ వేడికి నిద్రెక్కడిది? మీరు చెప్పిన నీళ్ళ ఇబ్బంది నిజమే. ఇంకో ట్యాంకు కట్టించమని అడగండి, మీతోపాటు నేనూ వచ్చి అడుగుతాను. కాలువ తవ్వించమనండి. కానీ మేం రావడమే ఇబ్బందంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు."

ఆమె మైకు వదిలి వెళ్ళబోయి ఆగింది.

"మా నాన్న బస్సు కండక్టరుగా చేశాడు. ఎంత నిండినా 'లోపలికి జరగండి, వాళ్ళనీ ఎక్కనివ్వండి' అనేవాడు. ఎవర్నీ స్టాపులో వదిలేసి రాలేదని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకునేవాడు. అంతేనండీ."

వీధి మొత్తం కండక్టరుగారి వైపు చూసింది.

సాయంత్రానికి తీర్పొచ్చింది. దరఖాస్తు కొట్టేశారు, మైదానం మైదానంగానే ఉంటుంది. వీధి గెలిచింది. తిరుగు బస్సులో లెక్చరరు సైతం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు వరండాలో కుర్చీలు వేసినవాళ్ళు లేరు.

మర్నాడు మధ్యాహ్నం కండక్టరుగారు మంచం మీద చాలాసేపు దొర్లి, ఎప్పుడో నిద్రపోయాడు. లేచేసరికి గదిలో వెలుతురు తేడాగా ఉంది. కిటికీ రెక్కలు బార్లా తెరుచుకుని ఉన్నాయి. వాటికి అడ్డంగా ఉండాల్సిన పిన్ని గోడ లేదు. అక్కడెక్కడో దూరాన, అంత సందు అవతల ఉంది. ఆ వీధి పుట్టాక అంత సందు ఎవరూ చూసి ఉండరు. ఆటో కాదు, బస్సే తిప్పుకోవచ్చు.

వీధి తనని వెలేసింది అనుకున్నాడాయన. ఆ వీధిలో పుట్టి పెరిగినవాడెవడైనా అదే అనుకుంటాడు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకుని, ఆ ఖాళీ దాటుకుంటూ వెళ్ళి పిన్ని తలుపు కొట్టాడు.

"పిన్నీ, నా మీద ఇంత కోపమా? ఉంటే మొహం మీదే తిట్టొచ్చుగా."

పిన్ని మెడలో టేపుతో బయటికొచ్చింది. ఖాళీ వంక చూసింది. వీధి వంక చూసింది. "కోపమైతే నా ఒక్క ఇల్లే జరిగేది కండక్టరుగారూ. అటు చూడండి."

వీధిలో ఒక్క సందు కూడా మిగల్లేదు. ఆ కొస నుంచి పిన్ని ఇంటిదాకా ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని, బెంచీ మీద ఇంకొకరి కోసం సర్దుకున్న మనుషుల్లా బిగుసుకుని నిలబడ్డాయి. అన్ని సందులూ కలిసి వచ్చి ఇక్కడ ఒక్కచోట పడ్డాయి. లెక్చరరు అప్పటికే కళ్ళు నులుముకుంటూ వచ్చి, పిన్ని మెడలోంచి టేపు లాక్కుని ఖాళీని కొలవడం మొదలెట్టాడు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు.

"ఒక ఇల్లు దర్జాగా పడుతుంది" అన్నాడు లెక్చరరు. "విడి ఇల్లే కాబట్టి నిబంధన కూడా మార్చక్కర్లేదు." తర్వాత నేల మీద ఇళ్ళు జరిగిన గీతలు చూసి, కాస్త ఆగి, జీవితంలో మొదటిసారి క్లుప్తంగా మాట్లాడాడు. "అందరికన్నా ఎక్కువ జరిగింది మీ ఇల్లేనండీ."

కండక్టరుగారు వెనక్కి తిరిగి చూశాడు. నిజమే. ఆయన వరండా వెళ్ళి మైదానం అంచుకి ఆనుకుంది. ముందు మెట్టు గట్టులో కూరుకుపోయింది. పిన్ని తన ఫోను తెచ్చి, కూతురి నంబరు కలిపి ఆయన చేతిలో పెట్టింది.

కూతురు ఎత్తింది. "పిన్నీ? ఏమైంది? నాన్నకి ఒంట్లో బాగా లేదా?"

"నాకు బానే ఉంది. బదిలీ కాగితం ఇచ్చేశావా?"

"ఇవ్వబోతున్నాను."

"ఆగు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వు రా తల్లీ. మా ఇంటికి రమ్మనట్లేదు. మీ ఇంటికి రమ్మంటున్నాను." తర్వాత జరిగిందంతా ఒకదాని మీదొకటి పడేలా చెప్పాడు. చెప్పలేకపోయినవి పిన్ని పక్కనుంచి అందించింది.

అవతల ముక్కు చీదిన చప్పుడొకటి వినిపించింది.

"అక్కడ పొద్దున పూట ఎండ పడుతుందా?" అంది చివరికి. "డ్యూటీ నుంచి వచ్చి నేను పడుకునేది అప్పుడే."

ఆయన రేపు చూసి చెబుతానన్నాడు.

మర్నాడు తెల్లవారగానే వెళ్ళి ఖాళీ స్థలం మధ్యలో నిలబడ్డాడు. సూర్యుడు మైదానం మీదుగా లేచి, తన ఇంటి వెనక బారెడు ఎక్కేదాకా ఆ ఇంటి నీడలోనే ఉన్నాడు. పిన్ని టీ ఇచ్చి వెళ్ళింది. కూతురు డ్యూటీ దిగి బస్సు కోసం చూస్తూ ఉండే వేళకి ఫోను చేశాడు.

"పడదు తల్లీ" అన్నాడు. "మా ఇల్లు అడ్డం ఉంది. నువ్వు హాయిగా పడుకో."