ఖాళీ మీద గీసిన గీత

తెల్లారితే చాలు, ఎగువ వీధిలోని ఆ ఇంట్లో నీళ్ల గొడవ మొదలు. ఆ రోజూ అంతే. కుళాయి తిప్పితే గురక లాంటి చప్పుడు తప్ప చుక్క రాలలేదు. అత్తగారు ఖాళీ బకెట్టు తెచ్చి కోడలి ముందు ఠక్కున పెట్టింది.

"నీళ్లు నిండుగా వస్తున్నాయని మీ ఆఫీసు వాళ్లు వీధి మొదట్లో గ్రాఫు అంటించారుగా. ఈ బకెట్టు తీసుకెళ్లి దాని కింద పెట్టనా?"

"అత్తయ్యా, మీటరు చెప్పిందే నేను గీస్తాను. నా చేతిలో ఏముంది?"

"మీటరుకు స్నానం చేసే పని లేదు కదమ్మా!" అని ఆవిడ మోకాలు పట్టుకుని మెట్లు దిగింది. నీళ్లు కావాలంటే కింది వీధికి పోవాల్సిందే. కోడలు ఇంకో బకెట్టుతో వెనకే పరుగెత్తింది.

ఆ కోడలిది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. పైపుల్లో ఒత్తిడి ఎంతుందో మీటర్లు గంటగంటకూ ఒక ఫైలులోకి పంపుతాయి. ఆమె కంప్యూటరు నల్లటి తెర మీద ఒక్క కమాండు టైపు చేసి ఎంటర్ కొడితే, తను రాసిన స్క్రిప్టు, అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞల వరుస, ఆ ఫైలు చదివి వీధికొక గ్రాఫు బొమ్మ తయారుచేసి పెడుతుంది. ఆ స్క్రిప్టంటే ఆమెకు కన్నబిడ్డంత ముద్దు. ముద్దు ఎక్కువైన చోట తప్పు కనపడదు, మనకు తెలియనిదా!

ఎగువ వీధికి కొత్త పంపు పెట్టాలా వద్దా అన్నది ఆ మధ్యాహ్నం సమావేశంలో తేలాలి. "గీత అంత నిలకడగా ఉంటే పంపెందుకు, దండగ" అని సెక్షను ఆఫీసరు ముందే తేల్చేశాడు.

ఆమె ఆ బొమ్మ తెరిచి చూసింది. గీత తిన్నగా సాగిపోతోంది. ఆమె భుజం మాత్రం పొద్దుటి బకెట్టు బరువుకు ఇంకా లాగుతోంది. ఏదో అనుమానం వచ్చి, బొమ్మను వదిలి అసలు ఫైలు తెరిచింది. ఏ రోజు చూసినా పొద్దుటి గంటల దగ్గర అంకెలే లేవు. పైపులో నీళ్లు మరీ అడుగంటితే ఆ మీటరు సున్నా రాయదు, ఏమీ రాయకుండా ఊరుకుంటుంది. మరి ఆ ఖాళీలు బొమ్మలో ఏమైనట్టు?

స్క్రిప్టులో వెతికితే దొరికింది. ఖాళీ వరుసలన్నీ తీసెయ్యమని ఒక ఆజ్ఞ. గీత తెగితే చూడ్డానికి బాగోదని ఆఫీసరు అంటే తనే చేర్చింది. ఖాళీలు పోగానే రాత్రి అంకెనూ మధ్యాహ్నపు అంకెనూ గీత నేరుగా కలిపేసింది. నీళ్లు లేని పొద్దుటిపూటలన్నీ మాయమయ్యాయి.

ఆమెకు అర్థమైంది. వీధి వీధినంతా అబద్ధాలకోర్లను చేసింది తన చేతులే. ఆ ఆజ్ఞ కొట్టేసి మళ్లీ ఎంటర్ కొట్టింది. ఈసారి గీత ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఏంటమ్మా ఇది, ఎలకలు కొరికినట్టు!" ఆఫీసరు కంగారుపడ్డాడు. "చీఫ్ ఇంజినీరు మేడమ్ ముందు పరువు పోతుంది. పాతదే పెట్టు."

"పాతది తప్పు సార్. తప్పు నాదే, నేనే చెప్తాను."

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది సార్. అందుకే చెప్తానంటున్నా."

సమావేశంలో ఆమె జరిగిన తప్పు చెప్పాక, చీఫ్ ఇంజినీరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. గీత తెగిన చోట వేలు పెట్టి అడిగింది.

"ఇక్కడ ఏముంది?"

కోడలు చెప్పింది. "మా అత్తయ్య ఉన్నారు మేడమ్. నీళ్ల బకెట్టుతో మెట్లెక్కుతూ."

పంపు మంజూరైంది. సెక్షను ఆఫీసరు తలవంచుకుని సంతకం పెట్టాడు. పంపు వచ్చేదాకా పొద్దున్నే ట్యాంకరు పంపమని కూడా చీఫ్ ఇంజినీరు చెప్పింది.

ఆ సాయంత్రం వీధి మొదట్లో పాత బొమ్మ పీకేసి, తెగిన గీతల బొమ్మ అంటించారు. అత్తగారు కళ్లజోడు సర్దుకుని దాని ముందు నిలబడింది.

"ఈ ఖాళీ ఏ రోజుదే?"

"మంగళవారానిది అత్తయ్యా."

"ఆ రోజే నేను మెట్ల మీద కూలబడ్డది," అంది ఆవిడ. బొమ్మను చూస్తూనే కోడలి చెయ్యి పట్టుకుంది.

లెక్కలను బొమ్మలుగా మార్చే పని మనలో ఎందరిదో. చూపుకు ఇంపుగా ఉండాలని ఖాళీని పూడ్చే ముందు, ఆ ఖాళీలో ఏ మనిషి బరువు మోస్తున్నాడో ఒక్కసారి చూడండి.