నిండని కట్ట

వరద తగ్గాక ఆ బడిలో పాఠాలు లేవు. బల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి, పెద్ద గదిలో కంప్యూటర్లు పెట్టారు. క్యాంపుల్లో తలదాచుకున్నవాళ్ల పేర్లన్నీ అక్కడి డేటాబేస్‌లోకి చేరాలి. అయినవాళ్లను వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి గుమ్మం దగ్గరి కౌంటర్లో ఆ పేరు కనిపించాలి. లోపల ప్రోగ్రాం చూసేది చెల్లెలు, కౌంటర్లో కూర్చునేది అక్క. సొంత ఇల్లు మునిగినప్పటినుంచీ ఇద్దరూ ఆ బడిలోనే, ఒకే దుప్పట్లో సర్దుకుంటున్నారు.

మొదట్లో పని నత్తనడక నడిచింది. మిషను ఒక పేరు రాసి, అది డిస్కుమీద భద్రంగా పడిందని తేల్చుకుని, అప్పుడు గానీ రెండో పేరు ముట్టుకునేది కాదు. పొద్దున పంపిన పేరు పొద్దువాలినా కనిపించేది కాదు. బయట వరస పెరిగేకొద్దీ అక్క గొంతు తగ్గేది.

"నీ మిషనుకి అన్నం పెట్టట్లేదా ఏమే?" అని ఒకసారి లోపలికొచ్చి అడిగింది కూడా.

చెల్లెలు కూర్చుని తిరగరాసింది. ఒక్కొక్క పేరూ మోయడం మానేసి, అయిదువందల పేర్లు పోగయ్యాక కట్టగట్టి ఒక్కసారే రాసేలా మార్చింది. పేర్లు వానలా వచ్చిపడుతున్నాయి కనక కట్ట నిండడం ఎంతసేపు? వెనకబడినవన్నీ మధ్యాహ్నానికే చేరిపోయాయి. వరసలో ఏడుపులూ కౌగిలింతలూ మొదలయ్యాయి. అక్క తన వంతు టీ తెచ్చి చెల్లెలి ముందు పెట్టి వెళ్లిపోయింది. వాళ్లింట్లో మెచ్చుకోవడమంటే అదే.

తర్వాత్తర్వాత క్యాంపులకి కొత్తవాళ్లు రావడం పలచబడింది. అలాంటి ఒక ఉదయం, మోకాళ్లదాకా బురదతో ఒక పెద్దాయన వచ్చి భార్య పేరు చెప్పాడు.

"ఎడమచెవి వినపడదమ్మా. కుడివైపు నిలబడి పిలవాలి," అన్నాడు, అదీ మిషన్లో రాసి ఉంటుందన్నట్టు.

అక్క రెండుసార్లు వెతికింది. ఆ పేరు లేదు. తల దించుకుని ఎదురుగా ఉన్న గోదాము చూపించింది. ఎవరూ గుర్తుపట్టని శవాల్ని అక్కడే పడుకోబెట్టారు.

ఆయన వెళ్లిన కాసేపటికి దుప్పట్లకోసం ఒక క్యాంపు వ్యాను డ్రైవరు వచ్చాడు. "ముందు మా ముసలమ్మ సంగతి తేల్చండి. నిన్న సాయంత్రమే పేరు పంపాం. 'మా ఆయన అడిగాడా' అని నా ప్రాణం తోడేస్తోంది. పోనీ అని జవాబు చెబితే వినపడదు, 'కుడివైపుకి రా' అని కసురుతుంది."

అక్క ఒక్క ఉదుటున లేచి లోపలికి వెళ్లి చెప్పింది. మాట పూర్తవకముందే చెల్లెలు తెరమీద లెక్క చూసింది. కట్ట నిండలేదు. నిన్న సాయంత్రం వచ్చిన పేర్లన్నీ అయిదువందలవ పేరుకోసం ఎదురుచూస్తూ, ఎక్కడా నమోదు కాకుండా, మిషను కడుపులోనే ఉండిపోయాయి. నిండితే రాయమంది గానీ, నిండకపోతే ఏం చేయాలో దానికి తను చెప్పనేలేదు. ఇప్పుడు ఉన్నవాటిని ఉన్నట్టే రాసేయమంది. ముసలమ్మ పేరు వెంటనే తెరమీదికి వచ్చింది.

చెల్లెలు చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది.

గోదాములో పెద్దాయన అప్పటికే సగం వరస దాటాడు. ప్రతి ముసుగుకీ కుడివైపు వెళ్లి, వంగి, మెల్లగా భార్యను పేరుపెట్టి పిలిచి, ఆ తర్వాతే ముసుగు తీస్తున్నాడు.

"బాబాయిగారూ, పిన్నిగారు క్యాంపులో ఉన్నారు. క్షేమంగా ఉన్నారు. నిన్ననే పేరు వచ్చింది. చూపించకపోవడం నా తప్పు."

ఆయన కోప్పడలేదు. చేతిలో ఉన్న ముసుగు అంచు జాగ్రత్తగా తిరిగి కప్పాడు.

"ఇంతమందిని పిలిచానమ్మా," అన్నాడు. "పలక్కు, నువ్వు కాకూడదు అనుకుంటూనే పిలిచాను."

ఆయన్ని వ్యాను ఎక్కించి వచ్చి, చెల్లెలు ప్రోగ్రాంలో ఇంకొక్క మాట చేర్చింది. కట్ట నిండినా నిండకపోయినా, నిమిషం తిరిగేసరికి చేతిలో ఉన్నవి రాసెయ్యాలి. వేగం పెద్దగా తగ్గలేదు. అది ముందే తట్టి ఉంటే, అని అనుకోబోయి ఊరుకుంది.

వెనకాల అక్క నిలబడి ఉంది.

"నిన్నటినుంచీ మీవాళ్లు లేరని చెప్పి నేను గోదాముకి పంపినవాళ్ల మొహాలు నాకు గుర్తున్నాయే," అంది.

కౌంటర్లో వేరొకరిని కూర్చోబెట్టి, చెల్లెలి చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పడేసింది. ఇద్దరూ గోదాము వైపు నడిచారు.